తూర్పు గీత

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మంచి నోరు కాదు. అందుకే 1963 ఫిబ్రవరిలో ఒక శనివారం, కొంగు నడుముకు బిగించి, ఊరంతా చూస్తుండగా ఉప్పు కొఠారు క్లబ్బు కోర్టులో ఒక మొగవాడితో టెన్నిస్ ఆడాల్సి వచ్చింది.

మా ఊరు అల్లూరికి తూర్పున, ఉప్పు పండే కయ్యల అంచున ఉంటుంది. నేను మిషన్ వారి ఆడపిల్లల బడిలో లెక్కలూ డ్రిల్లూ చెప్పేదాన్ని. నెల్లూరులో ట్రైనింగు చదివే రోజుల్లో అక్కడి దొరసాని నాకు టెన్నిస్ నేర్పి, వెళ్ళిపోతూ తన బ్యాటు కూడా ఇచ్చి పోయింది. ఆ ఆట నేను మా పిల్లలకు నేర్పాను. వారంలో మూడు ఉదయాలు, క్లబ్బు మెంబర్లు ఇంకా నిద్ర లేవకముందే, మా పిల్లలు ఆ కోర్టులో ఆడుకుని బడికి వచ్చేవాళ్ళు. ఎవరికీ అడ్డం లేదు.

రైసు మిల్లు పద్మనాభయ్య గారు క్లబ్బు ప్రెసిడెంటయ్యాక అడ్డం వచ్చింది. ఆయన నన్ను కమిటీ ముందుకు పిలిపించారు.

"టీచరమ్మా, పేడతో అలికించి, రోలరు లాగించి ఎంతో కష్టపడి కోర్టు తయారు చేయిస్తా ఉండాము. మీ పిల్లలు దుమకతా ఉంటే అలుకు పెచ్చులు లేచిపోతా ఉండాది. ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ ఉండనే ఉండాది గదా."

"మా పిల్లలు ఉత్త కాళ్ళతో ఆడతారు పద్మనాభయ్య గారూ. పెచ్చులు లేస్తా ఉండేది మీ మెంబర్ల బూట్లకు" అన్నాను.

అక్కడితో ఆపి ఉంటే మర్యాదగా ఉండేది. వాళ్ళలో ఒకరు నవ్వారు. ఆ నవ్వు నాకు మంట పుట్టించింది. "మీలో బాగా ఆడేది ఎవరో చెప్పండి. ఆ మనిషిని నేను గెలిస్తే మా పిల్లలు ఆడుకుంటారు. ఓడిపోతే మళ్ళా మీ గేటు తొక్కం" అనేశాను. పద్మనాభయ్య గారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనన్నారు. అప్పుడు తెలిసింది నాకు, నేను ఏం చేశానో.

మరునాడు పిల్లలకు చెప్పాను. మస్తానమ్మ అని, అందరిలోకీ చేయి బాగా తిరిగిన పిల్ల, నా మొహంలోకి చూసి, "మమ్మల్ని అడక్కుండానే మా ఆట పందెంలో పెట్టినారా టీచరు?" అంది. నేను బోర్డు వైపు తిరిగి భిన్నాల లెక్క వేశాను.

క్లబ్బు తరఫున ఆడేది హజరత్తయ్య అని తేలింది. కాలవల శాఖలో సూపర్‌వైజరు. మద్రాసులో చదువుకున్నాడు, అక్కడి మంచి కోర్టుల మీద ఆడాడు. అతని సర్వీసు వస్తే బంతి కనపడదు, చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

టెన్నిస్ అంటే చేతి బలమనుకుంటారు చాలామంది. నా లెక్క వేరు. ఎదురుగా ఉన్న మనిషికి ఏది గిట్టదో కనుక్కుని అదే పదే పదే వడ్డించడం నా ఆట. సాల్ట్ ఇన్‌స్పెక్టరు ముత్యాలయ్య గారికి ఎడమ వైపు బంతి గిట్టదు, అటు వస్తే దేవుణ్ణి తలుచుకుంటారు. ఊరి డాక్టరు గారికి వెనక్కి నడవడం గిట్టదు, ఆయన పొట్ట ఒప్పుకోదు. హజరత్తయ్యకు ఏది గిట్టదా అని వారం రోజులు గమనించాను. టీ కొట్లో చూశాను. నోరు కాలినా సరే టీ ఒక్క గుక్కలో తాగేసి లేచిపోతాడు. కాలవ దాటడానికి పడవ రాకపోతే ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగిపోతాడు. ఆ మనిషికి గిట్టనిది కాచుకుని ఉండడం. నిదానమే ప్రధానమని మన పెద్దలు నాకోసమే చెప్పారనుకున్నాను. వచ్చిన బంతినల్లా తిప్పి పంపుతూ ఉంటే చాలు, విసుగెత్తి అతనే తప్పులు చేస్తాడు.

రెండో బలం మా కోర్టు. ఎక్కడైనా టెన్నిస్ కోర్టును ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, పొద్దు వాలే వేళ ఎండ ఎవరి కళ్ళలోనూ పడకుండా. ఇక్కడ కోర్టు వేయించిన తెల్ల ఆఫీసరుకు మాత్రం తన బంగళా వరండాలో కూర్చుంటే కోర్టు అడ్డంగా, నిండుగా కనపడాలని కోరిక. తూర్పు పడమరలుగా వేయించి పోయాడు. మధ్యాహ్నం దాటగానే సముద్రపు గాలి లేస్తుంది. తూర్పు వైపు నిలబడితే గాలి వీపున ఉండి బంతిని తోస్తుంది గానీ ఎండ కళ్ళలో పొడుస్తుంది. పడమటి వైపు నిలబడితే కళ్ళకు హాయి, గాలి మాత్రం మొహాన కొడుతుంది, కొట్టిన బంతి ముందుకు పోనంటుంది. ప్రతి రెండు గేములకూ వైపులు మారతాం కాబట్టి గాలి ఇద్దరికీ సమానమే. దాన్ని వాడుకోవడం మాత్రం సమానం కాదు. మద్రాసు కోర్టులకు ఈ గాలి లేదు.

ఇక మా నాయన సంగతి. మా నాయన అబ్రహాము, చర్చి పాస్టరు. ఊళ్ళో మతంతో పని లేకుండా అందరికీ అయ్యగారే. ఇద్దరు రైతులకు గట్టు తగాదా వస్తే, పాత గట్టు ఎక్కడుండేదో చెప్పమని ఆయన్నే పొలానికి తీసుకుపోతారు. ఆయన వేలు చూపించిన చోట రాయి పాతుతారు. అబద్ధం చెప్పడని అంత నమ్మకం.

పందెం రోజున గీతల దగ్గర కూర్చుని బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పే మనుషులు కావాలి. తూర్పు చివరి గీత దగ్గర ఎవరని మాట వస్తే, పద్మనాభయ్య గారే, "అయ్యగారిని కూర్చోబెట్టండి. కూతురి ఆటైనా సరే, ఆయన మాటకు ఎదురు లేదు" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

ఎందుకంటే మా నాయన నిజాయితీలో ఒక మెలిక ఉంది. చిన్నప్పుడు నాకు పాఠం చెప్పింది ఆయనే. లెక్క సరిగ్గా చేసినా నాకు ఒక మార్కు తగ్గించేవాడు. క్రిస్మస్‌కు పిల్లలందరికీ బూరెలు పంచి, విరిగినదేదైనా మిగిలితే అది నాకు పెట్టేవాడు. పాస్టరు తన బిడ్డకు దోచిపెట్టాడని ఎవరూ అనకూడదు. మా అమ్మ బతికి ఉన్నప్పుడు, "మీ నాయన తరాజులో మన వైపు ఎప్పుడూ ఒక గింజ తక్కువే తూగతాది" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆ శనివారం మూడు గంటలకు మొదలవ్వాల్సిన ఆట, పద్మనాభయ్య గారు భోజనం చేసి కునుకు తీసి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. దాని గురించి అప్పుడు నేను పట్టించుకోలేదు. గాలి బాగా లేచాక ఆడడం నాకే మంచిదనుకున్నాను. అలికిన నేల ఆకుపచ్చగా ఆరి ఉంది, సున్నపు గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. మా పిల్లలు ప్రహరీ నీడన వరసగా కూర్చున్నారు. ముత్యాలయ్య గారు అంపైరుగా నిచ్చెన కుర్చీ ఎక్కారు. మా నాయన తూర్పు గీతకు సూటిగా ముక్కాలిపీట వేసుకుని, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

మూడింట రెండు సెట్లు గెలవాలి. మొదటి సెట్టు నేను అనుకున్నట్టే నడిచింది. తూర్పు వైపు ఉన్నప్పుడు హజరత్తయ్య తన బలమంతా పెట్టి కొట్టాడు, గాలి తన బలం కూడా కలిపింది, బంతులు గీత దాటి పోయాయి. పడమటి వైపు వచ్చినప్పుడు గాలి మీద కోపంతో ఇంకా గట్టిగా కొట్టాడు, అవి నెట్‌లో పడ్డాయి. నేను ఏమీ చేయలేదు. బంతిని మెల్లగా, ఎత్తుగా, నడిమధ్యకు పంపుతూ కూర్చున్నాను. అతను పళ్ళు కొరకడం నాకు కనిపించింది. సెట్టు నాదయ్యింది. మా పిల్లలు చప్పట్లు కొట్టారు. పద్మనాభయ్య గారు హజరత్తయ్యను పక్కకు పిలిచి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, చెవిలో ఏదో చెప్పారు.

రెండో సెట్టులో ఎదుట నిలబడింది వేరే మనిషి. కొట్టడం మానేశాడు. నేను మెల్లగా పంపితే తనూ మెల్లగా పంపాడు. నేను ఎత్తుగా వేస్తే తనూ ఎత్తుగా వేశాడు. ఒక్కో పాయింటు జరిగి జరిగి, చూసేవాళ్ళు ఆవలించేదాకా సాగింది. పాయింటుకూ పాయింటుకూ మధ్య బూటు లేసు విప్పి కట్టుకునేవాడు. ప్రహరీ దాకా పోయిన బంతిని తనే నడుచుకుంటూ వెళ్ళి తెచ్చుకునేవాడు. టీ ఒక్క గుక్కలో తాగే మనిషికి ఇంత ఓపిక ఎక్కడిదా అని నాకు అంతు చిక్కలేదు. నా మందు నాకే పోస్తున్నాడు, అంతవరకు అర్థమైంది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, ఊపిరి ఎక్కువ. సెట్టు అతనికి పోయింది.

ఎండ తాటిమట్టల కిందికి దిగింది. మూడో సెట్టు మొదలవుతుంటే ముత్యాలయ్య గారు కుర్చీ మీంచి, "వెలుతురు చాలకపోతే ఏం చేద్దాం?" అని అడిగారు.

"ఏముండాది, మిగతాది రేపు పొద్దున ఆడుకుంటారు. రానోళ్ళు ఓడిపోయినట్టు" అన్నారు పద్మనాభయ్య గారు. ఆ మాట అంటూ ఆయన నన్ను చూడలేదు, మా నాయనను చూశారు.

రేపు ఆదివారం.

మా ఇంట్లో ఆదివారం పొయ్యి వెలిగేది శనివారం వండిన కూర వెచ్చబెట్టుకోవడానికే. బట్ట ఉతకం, బజారుకు పోము, ఆట మాట ఎత్తం. ఇది మా నాయన ఒక్కడు పెట్టిన కట్టడి కాదు, నా కట్టడి కూడా. ఆయన ఒప్పుకున్నా నా చేతికి బ్యాటు రాదు. ఊరందరికీ ఆ సంగతి తెలుసు. ఆలస్యంగా వచ్చిన ప్రెసిడెంటు గారికి మరీ బాగా తెలుసు. హజరత్తయ్య నన్ను గెలవనక్కర్లేదు. చీకటి పడేదాకా ఓడిపోకుండా ఉంటే చాలు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ కోపంతోనే మొదటి రెండు గేములు పోగొట్టుకున్నాను. మస్తానమ్మ తల వంచుకుని నేల మీద పుల్లతో గీస్తోంది. దాన్ని చూసి నన్ను నేను తిట్టుకున్నాను. నిదానమే ప్రధానమన్న పెద్దలే ఆలస్యం అమృతం విషమని కూడా అన్నారు. పెద్దలు ఎప్పుడూ రెండు వైపులా మాట్లాడతారు, ఏ మాట ఎప్పుడు పనికొస్తుందో మనమే చూసుకోవాలి.

నెట్ దగ్గరికి పోయి ఆడడం నాకు చిన్నప్పటి నుంచీ భయం. బంతి మొహాన తగులుతుందని కాదు, వెనక ఉన్న కోర్టంతా వదిలేసి పోవాలని. ఆ సాయంత్రం మొదటిసారి వదిలేశాను. బంతిని అతని వెనక గీత దగ్గరికి లోతుగా కొట్టడం, వెంటనే ముందుకు పరుగెత్తడం, తిరిగి వచ్చిన దాన్ని నేల తాకకుండానే పక్కకు తోసెయ్యడం. పాయింటు ఇటో అటో తొందరగా తేలిపోవాలి. చీర పాదాలకు చుట్టుకుంటోంది. కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపుకున్నాను. ఎవరో గొణిగారు. గొణుక్కోనీ అనుకున్నాను.

హజరత్తయ్య తడబడ్డాడు. మెల్లగా ఆడమన్నారు గానీ, ముందుకు వచ్చి మీద పడే మనిషితో మెల్లగా ఎలా ఆడాలో ఎవరూ చెప్పలేదు. సమం చేశాను. తర్వాత అతనొకటి, నేనొకటి. ఎండ పూర్తిగా పోయింది. ఉప్పు గాలి తేమకు బంతి బరువెక్కి, నేల మీద నుంచి లేవడం మానేసింది. అలుకు మీద బంతి పడితే చిన్న మచ్చ పడుతుంది, మామూలుగా ఆ మచ్చ చూసి తగవు తీర్చుకుంటాం. ఇప్పుడు మచ్చలూ నేలా ఒకటే రంగు.

అయిదు గేములు నావి, నాలుగు అతనివి, ఆరోది గెలిస్తే సెట్టు నాది. వైపులు మారాం. నేను పడమటి వైపు వచ్చాను, సర్వీసు నాది. ముత్యాలయ్య గారు లేచి నిలబడి ఆకాశం వంక చూశారు.

"ఇదే కడాపటి గేము. టీచరమ్మ గెలిస్తే సరి, లేకుంటే మిగతాది రేపు" అన్నారు.

ఎదురుగాలికి నా సర్వీసు మెల్లగా పోయింది. మొదటి పాయింటు అతనిది. తర్వాతది నాది, ఆ తర్వాతదీ నాదే. అతనొకటి లాక్కున్నాడు. మళ్ళీ ఒకటి నాకు వచ్చింది. ఇంకొక్క పాయింటు చాలు.

సర్వీసు చేశాను. అతను నడిమికి తిప్పాడు. బ్యాటును పూర్తిగా వెనక్కి తీసి, తూర్పు గీత మూలకు కొట్టి, నెట్ వైపు పరుగెత్తాను. ఎదురుగాలి బంతిని పట్టి దించుతుందని తెలుసు, అందుకే ఆ బలంతో కొట్టాను. హజరత్తయ్య అందుకోలేకపోయాడు, బ్యాటు చాచి ఆగిపోయాడు. నేను నెట్ దగ్గర ఉన్నాను, నా కళ్ళు బంతి మీదే ఉన్నాయి.

"బయట."

మా నాయన గొంతు. ఆ తర్వాత బంతి నేలను తాకింది. తాకిన చోట గీత మీది సున్నం చిటికెడు పొడిగా లేచి గాలికి కొట్టుకుపోయింది.

మాట ముందు, బంతి తర్వాత. నేను ఇది నా రెండు కళ్ళతో చూశాను. ఆయన బంతిని చూసి చెప్పలేదు. నా బంతి తన గీత వైపు వస్తోందని తెలియగానే, బిడ్డకు దోచిపెట్టాడన్న మాట పడకూడదని, తరాజులో గింజ తీసేశాడు.

ముత్యాలయ్య గారు నా వైపు వంగి, "టీచరమ్మా?" అన్నారు. ఏమైనా అంటావా అని ఆయన ప్రశ్న. ఊరి గట్లన్నీ ఏ మాట మీద నిలబడ్డాయో ఆ మాటను, అందరి ముందూ, కూతురు కాదనాలి. నోరు లేచింది. జీవితంలో మొదటిసారి దాన్ని మూసుకున్నాను.

"ఆడదాం" అన్నాను.

పాయింట్లు సమమయ్యాయి, ఇక వరసగా రెండు గెలిచినవాళ్ళదే గేము. తర్వాతి బంతి నేరుగా నెట్‌లో కొట్టాను. ఇంకొక్కటి పోతే గేము పోయినట్టు, రేపు ఆదివారం. మా పిల్లల వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆ పాయింటులో హజరత్తయ్య తొందరపడ్డాడు. వెనకగాలిని మరిచిపోయి గట్టిగా కొట్టాడు. నా తల మీదుగా పోయిన బంతి పడమటి గీతకు బారెడు అవతల పడింది. బతికాను. మళ్ళీ సమం.

సర్వీసుకు బంతి పట్టుకుని నిలబడ్డప్పుడు ఒక విషయం గమనించాను. హజరత్తయ్య గీతకు బాగా వెనక, మా నాయన పక్కకు పోయి నిలబడ్డాడు. నేను లోతుగా కొడతానని అతనికి తెలుసు. ఆ గీత దగ్గర పడేదేదీ నాకు దక్కదని కూడా ఇప్పుడు తెలిసినట్టుంది. నేను వారం రోజులు అతన్ని చదివితే, అతను ఒక్క బంతితో మా నాయనను చదివేశాడు.

సరే. గాలి ఉంది, చీకటి ఉంది, ఆదివారం ఉంది, వీటన్నిటికీ తగినట్టు ఆట మార్చాను. మా నాయన కూడా ఉన్నాడు. ఆయనకు తగినట్టు కూడా మార్చాలి. నా కోర్టు తూర్పున రెండు గజాలు తక్కువ అనుకున్నాను. అనుకున్నప్పుడు ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటే చెమట అనుకుని ఉంటారు.

సర్వీసు చేశాను. అతను తిప్పిన బంతిని బ్యాటుతో అలా నిమిరి నెట్ అవతల వేశాను. ఎదురుగాలికి అది నెట్ దాటి, చనిపోయినట్టు అక్కడే పడింది. హజరత్తయ్య ఎంత పరుగెత్తినా అందలేదు. ఇంకొక్క పాయింటు.

ఈసారి అతను వెనక నిలబడలేదు. సర్వీసు తిప్పగానే ముందుకు ఉరికాడు, మళ్ళీ నెట్ దగ్గర వేస్తానని. నేను ఊహించిందీ అదే. ఇప్పుడు అతని వెనక కోర్టంతా ఖాళీ. టెన్నిస్ ఆడే చిన్నపిల్లనడిగినా చెబుతుంది ఏం చేయాలో. ప్రహరీ దగ్గర్నుంచి మస్తానమ్మ, "మీదుగా వెయ్యండి టీచరు" అని అరవనే అరిచింది. అతని తల మీదుగా ఎత్తి వేస్తే తూర్పు గీత ముందు, మా నాయన కళ్ళ ఎదుట, ఖాళీ నేల మీద మెల్లగా పడుతుంది.

అటు వేయలేదు. పరుగెత్తుకొస్తున్న మనిషి పాదాల మీదికి కొట్టాను. అక్కడ గీత లేదు, అడగాల్సిన మనిషి లేడు. మసక చీకట్లో లేవని బంతి అతని బూటు పక్కన పడి, బ్యాటు అంచుకు తగిలి, నెట్‌లోకి దొర్లింది.

ముత్యాలయ్య గారు నా పేరు చెప్పారు. పిల్లలు కోర్టు మీదికి దూకారు. అలుకు నిజంగానే పెచ్చులు లేచి ఉంటుంది.

హజరత్తయ్య నెట్ దగ్గరికి వచ్చి చేయి కలిపాడు. "నిదానంగా ఆడమన్నారు టీచరుగారూ. ఎందుకో నేను అడగలేదు. అడిగుండాల్సింది" అన్నాడు. చేయి వదలకుండానే, "కోర్టంతా ఖాళీగా పెట్టుకోని నా కాళ్ళ మీదికెందుకు కొట్టినారు?" అన్నాడు.

"గాలి తిరిగిందనుకున్నా" అన్నాను.

పద్మనాభయ్య గారు మాట తప్పలేదు. మొహం మాత్రం మబ్బు పట్టింది. "సోమవారం నించి పంపించండి. అలుకు మాత్రం మీ పిల్లలే వేసుకోవాల" అన్నారు. వేసుకుంటామన్నాను.

ఉప్పు కయ్యల గట్టు మీద నాయనా నేనూ ఇంటికి నడిచాం. ఆయన గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఉన్నాడు. సగం దూరం పోయాక, "ఆ బంతి లోపలే పడింది లీలా" అన్నాడు.

"తెలుసు నాయనా."

"మరి అడగలేదే?"

"అందుకే మళ్ళా నీ వైపు కొట్టలేదు" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. నేను ఆగలేదు. గెలిచిన సంతోషం ఎక్కడా లేదు, ఒళ్ళంతా కోపమే. ఇల్లు చేరేదాకా ఆయన అడుగుల చప్పుడు నా వెనక దూరంగా వినిపిస్తూనే ఉంది. ఆదివారం చర్చిలో ఆయన ప్రసంగం చాలా చిన్నది. ఎవరికీ సరిగ్గా వినపడలేదని కూడా అన్నారు.

సోమవారం తెల్లవారుజామున పిల్లలు పేడనీళ్ళు చల్లి అలుకు వేసుకున్నారు. నేల ఆరి, సున్నపు గీతలు పడేసరికి ఎండ ఎక్కింది, గాలి లేదు. చూస్తే మా నాయన గేటు దగ్గర ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ముక్కాలిపీట తెచ్చుకుని, అదే చోట, తూర్పు గీతకు సూటిగా కూర్చున్నాడు. పిల్లలు నా వంక చూశారు.

నేను పడమటి వైపు పోయి నిలబడ్డాను. మస్తానమ్మ అవతలి నుంచి బంతి వేసింది. శనివారం కోపం ఇంకా చేతిలోనే ఉంది. అదే మూలకు, అంతే బలంగా కొట్టాను. ఎదురుగాలి లేదన్న సంగతి మరిచిపోయాను. బంతి గీత దాటి జానెడు అవతల, కొత్త అలుకు మీద పడింది. పట్టపగలు, పచ్చటి నేల మీద మచ్చ అందరికీ కనిపిస్తోంది.

"లోపల" అన్నాడు మా నాయన.

పిల్లలు కిసుక్కున నవ్వారు. మస్తానమ్మ మచ్చ దగ్గరికి పోయి వంగి చూసి, "బయట పడింది అయ్యగారూ" అంది. నేను నెట్ దాకా నడిచి, "బయటే నాయనా. అందరూ చూసినారు" అన్నాను.

"నేనూ చూసినా" అన్నాడు. "ఇది శనివారం బంతికి."

బ్యాటు నెట్‌కు ఆనించి, మొహం అటు తిప్పుకుని కొంగు బిగించుకుని, మస్తానమ్మను ఇంకో బంతి వేయమన్నాను.

మా నాయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. నాకు తెలిసి రెండు చెప్పాడు. రెండూ నా బంతుల గురించే.